చెర్రీ వద్దు, వాక్కాయ నాటుదాం

ఈసారి వనమహోత్సవానికి మన సెకండియర్ తరఫున చెర్రీ మొక్క నాటాలని క్లాసులో అందరూ చేతులెత్తారు. తలా ఇరవై రూపాయలు కూడా పోగయ్యాయి. నేనొక్కదాన్నే చెయ్యెత్తలేదు. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా నాన్న ఆన్‌లైన్‌లో చెర్రీ మొక్క తెప్పించారు. ఎలాంటి వాతావరణంలోనైనా కాస్తుందని దాని మీద రాసి ఉంది. మేడ మీద పెద్ద కుండీలో పెట్టాం. ఆకులైతే వేసింది, ఒక్క పువ్వూ పూయలేదు. రెండో ఎండాకాలానికి ఎండిపోయింది. అమ్మ తను నీళ్లు సరిగ్గా పోయలేదేమోనని బాధపడింది. తప్పు అమ్మది కాదు, మొక్కదీ కాదు.

చెర్రీ చలి ప్రాంతపు చెట్టు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. 7 డిగ్రీల లోపు చలి సుమారు 800 నుంచి 1,200 గంటలు తగిలితేనే చాలా రకాల్లో మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. కాశ్మీరులో, హిమాచల్ కొండల్లో ఆ చలి ఉంది. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలకైనా రెండు మూడు వందల గంటలు కావాలి. మన బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో! ఇంక గంటలు ఎక్కడ లెక్కపెడతాం? మరి రోడ్ల పక్కన గులాబీ రంగు పూలు విరగబూస్తాయి కదా అంటారేమో. అవి టబెబుయా చెట్లు, చెర్రీ కాదు.

చెర్రీయే కావాలంటే మనకూ ఒకటుంది. బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసేది చాలాసార్లు వాక్కాయే. గింజలు తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెడతారు. మా ఇంట్లో అమ్మ దాన్ని వాక్కాయ అంటుంది, నాన్నమ్మ కవళె హణ్ణు అంటుంది. పప్పులో వేస్తే మాత్రం ఇద్దరూ రెండోసారి వడ్డించుకుంటారు. వాక్కాయ ఎండకీ, నీళ్ల ఎద్దడికీ తట్టుకుంటుంది. తెల్లటి పూలు మంచి వాసనేస్తాయి. ముళ్లుంటాయి, నిజమే. అందుకే నడిచే దారిలో కాకుండా వెనక గోడ వెంబడి నాటుదాం.

మొక్క దగ్గర మన బ్యాచ్ పేరుతో బోర్డు పెడతామంటున్నారు. మనం డిగ్రీ ముగించేలోపే ఎండిపోయే చెట్టుకి ఆ బోర్డు ఎందుకు? జూనియర్లు కాయలు కోసుకునే చెట్టుకి పెడదాం. డబ్బు ఇంకా ఖర్చు కాలేదు. సోమవారం మళ్లీ ఒకసారి చేతులెత్తుదామా?