వంగిన నడుముకు విశ్రాంతి ఎవరిస్తారు?

ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు మా దగ్గరకు వచ్చాడు. చేతిలో పెద్ద ఎమ్మారై కవరు, పక్కన వాళ్ళమ్మ. నౌపడ ఉప్పు మడుల్లో 30 ఏళ్ళు పనిచేసిన మనిషి ఆమె. గోడ పట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, అమ్మకి నడుం దగ్గర వెన్నుపూస జారిందట. రోబోతో ఆపరేషన్ చేస్తామంటున్నారు. మిషను చేతికి అమ్మనప్పగించాలంటే భయంగా ఉంది. మీరు ప్రార్థన చేసి ఏం చెప్తే అదే చేస్తాం" అన్నాడు.

తల్లి మెల్లగా అంది: "నాకు మిషనూ వద్దు, ఏటీ వద్దు అయ్యగారూ. పెబువు ముట్టుకుంటే సాలదా?"

'మీరు ఏం చెప్తే అదే చేస్తాం' అనే మాట వింటే మాకు సంతోషం కాదు, భయం కలుగుతుంది. దానికి కారణం ఉంది.

సుమారు 20 ఏళ్ళ కిందట, వేరొక ఊళ్ళో సేవ చేస్తున్న రోజుల్లో, మూటలు మోసే ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. నడుము నొప్పి కాళ్ళలోకి దిగిందనీ, తొడల మధ్య తిమ్మిరిగా ఉందనీ, ముందురోజు నుంచి మూత్రం సరిగా రావడం లేదనీ చెప్పాడు. మేము నూనె రాసి ప్రార్థన చేశాం. విశ్వాసంతో ఇంటికి వెళ్ళి పడుకోమన్నాం. మూడో రోజున కొడుకులు ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టరు ఒకే మాట అన్నాడట, "ఆలస్యమైంది" అని. ఆయన బతికాడు. కానీ తిన్నగా నడవలేదు. మమ్మల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఈనాటికీ బరువు.

యాకోబు పత్రిక (5:14) రోగికి నూనె రాసి ప్రార్థించమని సంఘ పెద్దలకు చెబుతుంది. వైద్యుణ్ణి పిలవవద్దని ఎక్కడా చెప్పలేదు. చెప్పని మాటను మేము కలుపుకున్నాం. కాబట్టి ముందుగా ఈ నాలుగు సంగతులు చదువరులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాం. నడుము నొప్పితో పాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు పడిపోతున్నట్టు బలహీనమైనా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. మెడ నొప్పితో పాటు చేతివేళ్ళు మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమై, నడక తూలుతుంటే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో వెంటనే చూపించుకోవాలి. ఎత్తు నుంచి పడినప్పుడు, జ్వరంతోనో కారణం తెలియని బరువు తగ్గుదలతోనో నొప్పి వచ్చినప్పుడు కూడా తాత్సారం చేయకూడదు. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. బండిలోనూ దేవుడు వింటాడు.

ఇక రోబో సంగతి. 'రోబో ఆపరేషన్' అనగానే సినిమాలో చూసిన మరమనిషి కత్తి పట్టుకుని నిలబడినట్టు మనవాళ్ళు ఊహించుకుంటారు. అలాంటిదేమీ లేదు. జారిన పూసలను కదలకుండా నిలపాలంటే ఎముకలోకి స్క్రూలు దించి, వాటిని కడ్డీలతో కలపాలి. స్క్రూ దిగే ఎముక సన్నని వంతెన లాంటిది. దాని పక్కనే వెన్నుపామో, కాలికి వెళ్ళే నరమో ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతే చిక్కే. అందుకని స్కాను బొమ్మల మీద ఏ స్క్రూ ఏ కోణంలో ఎంత లోతుకు వెళ్ళాలో డాక్టరు గీసుకుంటాడు. ఆపరేషన్ బల్ల దగ్గర యంత్రపు చెయ్యి సరిగ్గా ఆ కోణంలో వచ్చి ఆగుతుంది. అది చూపిన దారిలో రంధ్రం చేసి స్క్రూ బిగించేది సాధారణంగా డాక్టరే.

మనకు తెలిసిన ఉదాహరణ చెప్పుకోవాలంటే, నౌపడ జంక్షన్‌లో గుణుపురం వైపు చీలే పట్టాలున్నాయి. బండి ఎటు వెళ్ళాలో పట్టా చూపిస్తుంది. కానీ బండి నడిపేది డ్రైవరు. పట్టా చక్కగా ఉంది కదా అని డ్రైవరు లేకుండా బండి ఎక్కుతామా?

వెన్నెముక కోసం ఇలాంటి యంత్రానికి అమెరికా ప్రభుత్వ అనుమతి మొదట 2004లో వచ్చింది. ఇజ్రాయెల్‌లో తయారైన ఆ యంత్రం పేరు స్పైన్‌అసిస్ట్. ఆ తర్వాత ఇంకా మెరుగైనవి వచ్చాయి. నడుము భాగంలో వీటి వాడకం ఎక్కువ, మెడ దగ్గర తక్కువ. అయితే ఒక విషయం దాచకూడదు. 2012లో జర్మనీ డాక్టర్లు రోగులను రెండు గుంపులుగా చేసి పోల్చి చూస్తే, అనుభవం గల చేత్తో వేసిన స్క్రూలు నూటికి 93 సరిగ్గా పడ్డాయి. రోబో సాయంతో వేసినవి 85 మాత్రమే. ఎముక మీద గొట్టం జారడం ఒక కారణమని వారు తేల్చారు. తరువాతి యంత్రాలతో చేసిన అనేక అధ్యయనాల్లో గురి బాగా కుదిరింది. అయినా స్క్రూ సరిగ్గా పడటం వేరు, నొప్పి పోవడం వేరు. అసలు ఆపరేషన్ అవసరమా కాదా అన్న తీర్పు యంత్రం ఇవ్వదు.

మరి దీన్ని విశ్వాసి వాడుకోవచ్చా? తప్పకుండా వాడుకోవచ్చునని మా అభిప్రాయం. ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలును పిలిచినప్పుడు దేవుడు అతన్ని తన ఆత్మతో నింపి లోహాన్నీ, రాతినీ, కర్రనూ మలిచే నేర్పు ఇచ్చాడు (నిర్గమ 31:1-5). చేతి నేర్పు కూడా ఆత్మ వరమేనన్నమాట. హిజ్కియా ప్రాణాపాయంలో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల కట్టు వేయించాడు (యెషయా 38). సువార్త రాసిన లూకా స్వయంగా వైద్యుడు. యంత్రాన్ని చూసి 'ఇది లోకసంబంధమైనది' అని భయపడేవారు, తాము పెట్టుకున్న కళ్ళద్దాలను ఒకసారి తీసి చూసుకోవాలి.

ఇటు భయం ఎంత తప్పో, అటు మోజు కూడా అంతే తప్పు. ఆసా రాజు జబ్బుపడి దేవుణ్ణి మరిచి వైద్యులనే ఆశ్రయించాడని గ్రంథం తప్పుపట్టింది (2 దినవృ 16:12). వైద్యం చేయించుకున్నందుకు కాదు, దేవుణ్ణి పక్కన పెట్టినందుకు. ఈ రోజుల్లో 'రోబో' అనే మాట వింటే చాలు, బంగారం తాకట్టు పెట్టి, అరెకరం అమ్మేసి పరుగెత్తేవారున్నారు. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉందని అంచనా. వారిలో చాలామందికి కత్తి అవసరమే లేదు. డిస్కు జారి కాలు లాగుతున్నవారిలో కూడా ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఏ నొప్పీ లేనివారికి స్కాను తీసినా డిస్కు ఉబ్బినట్టు కనబడటం మామూలే.

అందుకే ఆ యువకునికి మేము చెప్పింది ఇంతే: "బాబూ, తీర్పు చెప్పడానికి మేము డాక్టర్లం కాము. మరో డాక్టరుకు కూడా చూపించు. ఆపరేషన్ ఎందుకు, చేయించకపోతే ఏమవుతుంది, మామూలు పద్ధతిలో చేస్తే తేడా ఏమిటి, రోబోకి అదనపు ఖర్చెంత, మీరు ఇలాంటివి ఎన్ని చేశారు అని అడుగు. అడగడం అవిశ్వాసం కాదు." ఆ తల్లి చేతులు పట్టుకుని ప్రార్థించి పంపాం.

రెండో డాక్టరు పరీక్షించి, నరానికి ప్రమాదమేమీ లేదన్నాడు. ఆరు వారాలు బరువులెత్తకుండా, నేర్పిన వ్యాయామం చేస్తూ ఉంటే చూద్దామనీ, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ మాట ఆలోచిద్దామనీ చెప్పాడు. ఖర్చు తప్పిందని మేమందరం దేవునికి స్తోత్రం చెప్పాం. ఆమె మాత్రం నవ్వలేదు.

"బరువెత్తొద్దంటే ఎలాగయ్యగారూ? ఎండలున్నప్పుడే కదా ఉప్పు. వానొచ్చిందంటే పనే ఉండదు. ఆరు వారాలు కూకుంటే ఎవులు పెడతారు?"

ఆ మాటతో మా స్తోత్రం గొంతులోనే ఆగిపోయింది. ఉప్పు మడుల పని చూసినవారికి ఆమె మాట అర్థమవుతుంది. మడి తొక్కి గట్టిపరచాలి. ఉప్పునీళ్ళలో వంగి గీకి కుప్ప చేయాలి. గంపకెత్తి జారే గట్ల మీద నడిచి రాశి పోయాలి. ఎండ ముదిరితేనే పంట, వాన పడితే అంతా నీళ్ళపాలు. డాక్టరు రాసిన మందుల్లో అన్నిటికంటే ఖరీదైనది విశ్రాంతి! పొలం అమ్మి స్క్రూలు కొనుక్కోవచ్చు. రోజు కూలితో బతికే మనిషి విశ్రాంతిని ఎక్కడ కొనుక్కుంటుంది? అందుకే మన ఊళ్ళలో నొప్పి మాత్ర మింగి పనికి పోతారు. పక్కనే ఉద్దానం ఉంది. అక్కడి మూత్రపిండాల జబ్బుకు మూలం ఇంకా పూర్తిగా తేలకపోయినా, అదుపులేకుండా మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయన్నది మాత్రం తేలిన సంగతే.

ఆ రాత్రి మేము లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచాం. విశ్రాంతి దినాన సమాజమందిరంలో ఒక స్త్రీ ఉంది. 18 ఏళ్ళుగా నడుము వంగిపోయి తల ఎత్తలేని స్థితి. ఆమె అడగలేదు. యేసే చూశాడు, పిలిచాడు, చేతులుంచాడు. ఆమె నిటారుగా నిలబడింది. దీని మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. కానీ ఒక ప్రశ్న మాకు ఎన్నడూ తట్టలేదు. ఆ 18 ఏళ్ళూ ఆ మందిరంలోని మిగతావారు ఏం చేస్తున్నారు? వారం వారం ఆమెను చూస్తూనే ఉన్నారు కదా! చూసి చూసి అలవాటు పడిపోయారు. ఆమె వంగిన నడుము వారికి మందిరపు స్తంభంలా మారిపోయింది.

మందిరపు అధికారికి కోపం వచ్చింది, విశ్రాంతి దినాన స్వస్థత ఏమిటని. ప్రభువు అతనికి ఎద్దును గుర్తుచేశాడు. విశ్రాంతి దినాన కూడా ఎద్దునో గాడిదనో విప్పి నీళ్ళకు తోలుకెళ్ళే మీరు, అబ్రాహాము కుమార్తె కట్లు విప్పవద్దంటారా అని నిలదీశాడు. గ్రీకు మూలంలో ఎద్దును విప్పడానికీ, ఆమెను విడిపించడానికీ వాడింది ఒకే క్రియాపదం. అంటే విశ్రాంతి దినం ఉన్నదే కట్లు విప్పడానికి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం దాసునికీ దాసికీ కూడా ఆ విశ్రాంతి దక్కాలని ఆజ్ఞాపించి, ఐగుప్తులో మీరూ దాసులే అని గుర్తుచేస్తుంది. ఇశ్రాయేలీయుల భుజాల మీది భారాన్నీ, చేతిలోని గంపనూ దించినవాడు దేవుడేనని 81వ కీర్తన సాక్ష్యమిస్తుంది. నౌపడలో గంప అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కరలేదు.

విశ్వాసులను ప్రభువు ఉప్పుతో పోల్చాడని (మత్తయి 5:13) మనం తరచూ బోధిస్తాం. ఆ ఉప్పును పండించే మనిషి నడుము గురించి మాత్రం ఎన్నడూ ప్రసంగించలేదు. చాప మీద వెనక వరుసలో, గోడకు చేరబడి కూర్చునే ఆ తల్లిని మేమూ ఏళ్ళ తరబడి చూశాం. అలవాటు పడిపోయాం. ఈ తప్పు ఇతరులది కాదు, మాదే.

మరుసటి ఆదివారం ఈ మాట సంఘం ముందు పెట్టాం. ఎక్కువ ప్రసంగం అవసరం కాలేదు. స్త్రీల సమాజం వారు ఆరు వారాలు ఆ ఇంటికి బియ్యం, పప్పు చూసుకుంటామన్నారు. ఇద్దరు ఆడపిల్లలు నీళ్ళు మోసి పెడతామన్నారు. కొడుకు నెలకు రెండుసార్లు వచ్చి వ్యాయామం దగ్గరుండి చేయిస్తానన్నాడు. ఇది గొప్ప కార్యమని రాయడం లేదు. ఎప్పుడో చేయవలసిన పని అని రాస్తున్నాం.

ఆరు వారాల తర్వాత ఆమెకు నయమవుతుందో, ఆపరేషనే కావలసి వస్తుందో మేము చెప్పలేం. కావలసి వస్తే, ఆ గదిలో మనిషి చెయ్యి ఉన్నా, యంత్రపు చెయ్యి ఉన్నా భయం లేకుండా పడుకోమని చెబుతాం. రెండిటి వెనకా ఉన్న చెయ్యి ఒకటే. ప్రార్థన, వైద్యం రెండూ జరిగినా నిటారుగా నిలబడలేని వారూ మన మధ్య ఉన్నారు. వారిని 'విశ్వాసం చాలలేదు' అని గాయపరచకండి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయారు. ఆమె మళ్ళీ నడవలేదు. కానీ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో వేలూరులో తనలాంటివారి కోసం పునరావాస కేంద్రం తెరిపించారు. వంగని వెన్నెముక అంటే అదీ!

సహోదరీ సహోదరులారా, వచ్చే ఆదివారం మీ మందిరంలో ఒక్కసారి వెనక వరుస చూడండి. లేవడానికి గోడ పట్టుకునేవారు ఎవరు? తల తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేవారు ఎవరు? వారు అడగరు. ఆ స్త్రీ కూడా అడగలేదు. ప్రభువే పిలిచాడు. పూసలో స్క్రూ బిగించే నేర్పు దేవుడు యంత్రానికీ, దాన్ని నడిపే డాక్టరుకూ ఇచ్చాడు. నెత్తి మీది గంప దించే పని మాత్రం ఏ యంత్రానికీ అప్పగించలేదు. దాన్ని సంఘానికే ఇచ్చాడు.