పెరటి మెట్ల మీద తనంత తానే వెలిగే దీపం

ప్రశ్న: మా మామగారికి 74 ఏళ్లు. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచి పెరట్లోని మరుగుదొడ్డికి వెళతారు. మధ్యలో మూడు మెట్లున్నాయి. ఎవరినీ లేపడం ఇష్టంలేక చీకట్లోనే తడుముకుంటూ వెళతారు. మొన్న జారబోయి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు తెచ్చి బిగించాం. కాని ఆయన మెట్లు దిగాక గాని వెలగడం లేదు. తిరిగి వచ్చేలోగా ఆరిపోతోంది. ఇలాంటి లైటు అసలు పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, లోపం బిగించిన చోటులోనూ సర్దుబాటులోనూ ఉన్నట్టుంది.

65 ఏళ్లు దాటినవారిలో నూటికి 28 నుంచి 35 మంది ఏడాదిలో ఒక్కసారైనా పడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదికలో పేర్కొంది. ఆ వయసులో ఎముకలు గుల్లబారి ఉంటాయి. మెట్టు మీద జారితే తుంటి ఎముక విరగవచ్చు. ఆపైన మంచాన పడితే వీపు పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము వచ్చే ప్రమాదముంది. అంచేత ఇది చిన్న విషయం కాదు.

ఈ లైట్లలో ఎక్కువభాగం మన ఒంటి వేడిని కనిపెట్టి వెలుగుతాయి. మనిషి సెన్సర్‌కు అడ్డంగా నడిస్తే తొందరగా పసిగడతాయి. తిన్నగా ఎదురుగా వస్తే ఆలస్యంగా గుర్తిస్తాయి. కనుక లైటును మెట్లకు ఎదురుగోడకు కాక పక్కగోడకు, 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తున బిగించండి. తలుపు తీయగానే, మొదటి మెట్టు మీద కాలు పడకముందే వెలగాలి. వెలుగు కిందికి, మెట్ల మీదికి పడాలి. చీకటికి అలవాటుపడ్డ కళ్లలోకి ఒక్కసారిగా కొడితే, ముఖ్యంగా శుక్లాలున్నవారికి, కళ్లు చెదిరి మెట్టే కనిపించదు. అందుకే పెద్ద ఫ్లడ్‌లైటు వద్దు. పసుపు కాంతినిచ్చే 5 నుంచి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం చాలు.

చాలా లైట్లకు మూడు మరలుంటాయి. ‘టైమ్’ అనేది ఎంతసేపు వెలగాలో నిర్ణయిస్తుంది. దాన్ని మూడు నుంచి అయిదు నిమిషాలకు పెట్టండి. ‘లక్స్’ అనేది ఎంత చీకటి పడ్డాక వెలగాలో చెబుతుంది. చంద్రుడి బొమ్మ వైపు తిప్పితే బాగా చీకటి పడ్డాకే పనిచేస్తుంది. వీధిదీపం వెలుగు సెన్సర్ మీద పడుతుంటే అది పగలనుకుని ఊరుకుంటుంది. అప్పుడు మరను కాస్త సూర్యుడి బొమ్మ వైపు తిప్పాలి. ‘సెన్స్’ అనేది ఎంత దూరం నుంచి పసిగట్టాలో చెబుతుంది. మరీ పెంచితే పిల్లి వచ్చినా, గాలికి అరటాకులు ఊగినా వెలుగుతుంది. విసుగెత్తి మీరే స్విచ్చి ఆపేస్తారు, అసలు అవసరానికి వెలగదు. ఈ లైటు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచాలి.

సర్దుబాటు అయ్యాక రాత్రిపూట పరీక్షించండి. మనవడు పరుగెత్తితే వెలిగిందని తృప్తిపడకండి. మామగారినే ఆయన నడిచే తీరులో, ఎవరైనా చెయ్యి పట్టుకుని ఉండగా నడిపించి చూడండి. మే నెలలో వేడికి గోడలూ గాలీ ఇంచుమించు ఒంటి వేడికి వచ్చేస్తే సెన్సర్ మందగిస్తుంది. అప్పుడు ‘సెన్స్’ మర కొంచెం పెంచాలి.

కొనేటప్పుడు వానకు తడిసే చోటైతే ఐ.పి. 65 అని రాసి ఉన్నది ఎంచుకోండి. సౌరశక్తి లైట్లు ముసురు పట్టిన రోజుల్లో రాత్రంతా నిలవకపోవచ్చు. కరెంటు లైటయితే ఇన్వర్టరు లైనుకు కలపండి. ఏదైనా సరే, మామగారి తలగడ పక్కన టార్చి ఉండవలసిందే. మరుగుదొడ్డి లోపల మాత్రం సెన్సర్ వద్దు. కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది. అక్కడ మామూలు స్విచ్చి బల్బే మేలు.

మరో సంగతి. పాము కదిలితే ఈ లైటు వెలుగుతుందనుకోకండి. పాము ఒళ్లు పరిసరాలంత వేడిగానే ఉంటుంది గనుక సెన్సర్‌కు సాధారణంగా తెలియదు. మీరు కదిలితే వెలుగుతుంది. ఆ వెలుగులో నేల చూసి అడుగు వేయవలసింది మీరే. మెట్ల పక్కన కట్టెలు, ఇటుకలు పోగు వేయకండి.

ఇక వైద్యుడిగా నా మాట. రాత్రి అన్నిసార్లు ఎందుకు లేస్తున్నారో తెలుసుకోవాలి. మధుమేహం, ప్రోస్టేట్ వాపు, మూత్రం ఎక్కువ చేసే రక్తపోటు మాత్రలు కారణం కావచ్చు. రక్తంలో చక్కెర పరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి. మాత్రలు సొంతంగా ఆపకండి. లేవగానే నడవకుండా మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోమనండి. నిలబడగానే రక్తపోటు తగ్గి కళ్లు తిరగడం ఈ వయసులో మామూలే. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ బిగించండి, మెట్ల అంచులకు తెల్లరంగు వేయండి. ఈ మూడూ లైటుతోపాటే జరగాలి.