క్రిప్టో వాల్యూమ్‌ను నమ్మేముందు ఫీజు చూడండి

క్రిప్టో చార్టులు చదవడం నేర్పేవాళ్లు మొదట్లోనే చెప్పే సూత్రం ఒకటుంది. ధరతోపాటు కింద వాల్యూమ్ (ఎంత ట్రేడింగ్ జరిగిందో చూపే) గీత కూడా పెరిగితే ఆ పెరుగుదల నిజమైనది, వాల్యూమ్ లేకుండా పెరిగితే నమ్మొద్దు. ఇది క్రిప్టోతో పుట్టిన మాట కాదు. వందేళ్లు దాటిన డౌ సిద్ధాంతంలోనే ఉంది. 1963లో జోసెఫ్ గ్రాన్‌విల్ ఇదే ఆలోచనను ‘ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్’ అనే లెక్కగా మలిచాడు. షేర్ మార్కెట్లో ఈ సూత్రం కొంతవరకు పనికొచ్చిందంటే కారణం, అక్కడ ప్రతి లావాదేవీకీ ఖర్చు ఉండటం. బ్రోకరేజీ, స్టాంపు డ్యూటీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) కట్టి మరీ ఒకరు కొన్నారంటే ఆ కొనుగోలు వెనుక ఏదో ఒక అంచనా ఉందని అనుకోవచ్చు. క్రిప్టోలో ఆ ఖర్చు ఎంతుండాలో ఎక్స్ఛేంజీయే నిర్ణయిస్తుంది. సున్నా చేయాలనుకుంటే సున్నా చేస్తుంది. ఖర్చు లేకుండా పుట్టించగలిగిన వాల్యూమ్ దేనికీ సాక్ష్యం కాదు. అందుకే ఆ గీత చూసి డబ్బు పెట్టేవాళ్లు ముందు అడగాల్సింది, ఈ వాల్యూమ్ పుట్టించడానికి ఎంత ఖర్చయింది అని.

2016 చివరినాటి లెక్కల ప్రకారం ప్రపంచ బిట్‌కాయిన్ ట్రేడింగ్‌లో 90 శాతానికి పైగా చైనా యువాన్‌లోనే జరుగుతుండేది. చైనా జనం బిట్‌కాయిన్ కోసం ఎగబడుతున్నారని ప్రపంచమంతా రాసుకుంది. 2017 జనవరిలో చైనా కేంద్ర బ్యాంకు తనిఖీలకు దిగింది. అదే నెల 24 నుంచి మూడు పెద్ద ఎక్స్ఛేంజీలు బీటీసీసీ, హువోబీ, ఓకేకాయిన్ లావాదేవీకి 0.2 శాతం ఫీజు వసూలు చేయడం మొదలుపెట్టాయి. అంతకుముందు అక్కడ ఫీజు లేదు. వెంటనే వాల్యూమ్ కుప్పకూలింది. సూత్రం ప్రకారం ధర కూడా కూలాలి. కానీ ఫిబ్రవరి మొదటి వారంలో బిట్‌కాయిన్ 1000 డాలర్లు దాటింది. అంతకాలం జనం ఉత్సాహానికి కొలతగా చెలామణీ అయిన అంకెలో ఎక్కువ భాగం ఫీజు లేకపోవడం వల్ల పుట్టినదే. నా దృష్టిలో క్రిప్టో వాల్యూమ్ గురించి ఇంతకన్నా స్పష్టమైన రుజువు మరొకటి లేదు. అయినా చార్టు పాఠాల్లో దీని ప్రస్తావన అరుదు.

తర్వాత కూడా అదే కథ పెద్ద ఎత్తున నడిచింది. 2018లో ఎఫ్‌కాయిన్ అనే ఎక్స్ఛేంజీ, కట్టిన ఫీజు మొత్తాన్ని సొంత టోకెన్ల రూపంలో తిరిగిచ్చే పద్ధతి తెచ్చింది. ఎంత ఎక్కువ ట్రేడ్ చేస్తే అన్ని టోకెన్లు. కొద్ది వారాల్లోనే ప్రకటిత వాల్యూమ్‌లో అది ప్రపంచంలోనే మొదటి స్థానానికి ఎగబాకింది. 2020 ఫిబ్రవరిలో మూతపడుతూ, ఖాతాదారులకు 7,000 నుంచి 13,000 బిట్‌కాయిన్ల దాకా చెల్లించలేమని చెప్పింది. బైనాన్స్ ఎక్స్ఛేంజీ 2022 జులై 8న బిట్‌కాయిన్ ట్రేడింగ్‌పై ఫీజు ఎత్తేస్తే వాల్యూమ్ ఎగిసింది. 2023 మార్చి 22న చాలా ట్రేడింగ్ జోడీలపై మళ్లీ విధిస్తే పడిపోయింది. ఆ రెండు తేదీల్లోనూ బిట్‌కాయిన్ మీద మదుపరుల అభిప్రాయం ఒక్కసారిగా మారిందనడానికి ఆధారమేమీ లేదు, మారింది ఫీజుల పట్టీ మాత్రమే.

ఇక పచ్చి మోసం వేరే. ఎడమ చేత్తో అమ్మి కుడి చేత్తో కొనడం, అంటే వాష్ ట్రేడింగ్. 2019 మార్చిలో బిట్‌వైజ్ సంస్థ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ముందు ఒక విశ్లేషణ ఉంచింది. రోజుకు దాదాపు 600 కోట్ల డాలర్లుగా చెబుతున్న బిట్‌కాయిన్ ట్రేడింగ్‌లో 27 కోట్ల డాలర్ల మేరకే నిజమని, సుమారు 95 శాతం నకిలీ అని అది తేల్చింది. బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌కు అనుమతి కోరుతున్న సంస్థ కాబట్టి దానికీ స్వప్రయోజనం ఉందనేది నిజమే. అయితే ఏ ప్రయోజనమూ లేని విద్యావేత్తలు 29 ఎక్స్ఛేంజీలను పరిశీలించి రాసిన పత్రంలోనూ, నియంత్రణ లేని ఎక్స్ఛేంజీల వాల్యూమ్‌లో సగటున 70 శాతానికి పైగా వాష్ ట్రేడింగేనని తేలింది. ఎందుకు చేస్తారంటే, ఎక్స్ఛేంజీల జాబితాల్లో ర్యాంకు కోసం. ర్యాంకు పెరిగితే కొత్త ఖాతాదారులు వస్తారు, కొత్త టోకెన్ల లిస్టింగ్ ఫీజులు వస్తాయి. 2024 అక్టోబరులో అమెరికా అధికారులు గాట్‌బిట్ వంటి సంస్థలపై కేసులు పెట్టారు. టోకెన్ యజమానుల కోసం కిరాయికి నకిలీ వాల్యూమ్ పుట్టించారన్నది అభియోగం. వాళ్లను పట్టుకోవడానికి ఎఫ్‌బీఐ నెక్స్‌ఫండ్‌ఏఐ పేరుతో తానే ఒక టోకెన్‌ను సృష్టించింది.

షేర్ మార్కెట్లో మాత్రం సర్క్యులర్ ట్రేడింగ్ (కొందరు కుమ్మక్కై తమలో తామే కొని అమ్ముకోవడం) లేదా అని అడగొచ్చు. ఉంది. 2001 కేతన్ పారేఖ్ కుంభకోణాన్ని ఎవరూ మరచిపోలేదు. కానీ అక్కడ లావాదేవీకి రెండువైపులా ఉన్నదెవరో సెబీకి తెలుస్తుంది, డెలివరీ ఎంతో ఎక్స్ఛేంజీ రోజూ ప్రకటిస్తుంది. క్రిప్టోలో చాలాచోట్ల లెక్క చెప్పేదీ, ఆ లెక్క పెరిగితే లాభపడేదీ ఒక్కరే. బ్లాక్‌చెయిన్‌లో అంతా బహిరంగమే కదా అనేవాళ్లు ఒక విషయం గమనించాలి. సాధారణ ఎక్స్ఛేంజీలో కొనుగోళ్లు, అమ్మకాలు దాని సొంత పుస్తకంలో జరుగుతాయి, బ్లాక్‌చెయిన్‌పై కాదు. వికేంద్రీకృత ఎక్స్ఛేంజీల్లో అన్నీ కనబడతాయి గానీ, ఒకే మనిషి ఎన్ని వాలెట్లయినా తెరవొచ్చు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. నకిలీ వాల్యూమ్ వాటా ఎప్పుడూ ఒకేలా ఉంటే, అంకె తప్పయినా దాని హెచ్చుతగ్గులు నిజమే చెబుతాయి కదా? సరైన ప్రశ్నే. కానీ ఆ వాటా ఒకేలా ఉండదు. టోకెన్‌ను ఎవరికో అంటగట్టాల్సినప్పుడు బాట్లను (వాటంతటవే ట్రేడ్ చేసే ప్రోగ్రాములను) ఎక్కువ తిప్పుతారు, అక్కర తీరాక ఆపేస్తారు. సరిగ్గా బ్రేకవుట్ (ధర పాత హద్దు దాటి దూసుకెళ్లడం) అని నమ్మించాల్సిన చోటే గీత పొడుగవుతుంది. వాల్యూమ్ అబద్ధమైతే ధర కూడా అబద్ధమేగా అనేవాళ్లూ ఉన్నారు. చిన్న టోకెన్ల విషయంలో అవును. బిట్‌కాయిన్ వంటి వాటిలో ఒకచోట ధర తేడా వస్తే, చవకగా ఉన్నచోట కొని ప్రియంగా ఉన్నచోట అమ్మేవాళ్లు నిమిషాల్లో దాన్ని సరిచేస్తారు. వాల్యూమ్‌ను అలా సరిచేసేవారెవరూ లేరు. నకిలీ లావాదేవీ అప్పుడున్న ధరకే జరుగుతుంది గనుక ధర సరిగ్గానే ఉంటుంది, గీత మాత్రం అబద్ధం చెబుతుంది.

సూత్రం ఫలించిన సందర్భాలు లేకపోలేదు. 2021 మేలో రికార్డు వాల్యూమ్ నమోదైంది. నవంబరులో బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గర కొత్త శిఖరాన్ని తాకినప్పుడు వాల్యూమ్ అంత లేదు, ఆ తర్వాత ఏడాది పాటు ధర పడింది. కానీ 2023ను కూడా చూడాలి. ఆ ఏడాది మొదట్లో సుమారు 16,500 డాలర్లున్న బిట్‌కాయిన్ డిసెంబరుకు 42,000 దాటింది. మధ్యలో స్పాట్ వాల్యూమ్ కొన్నేళ్ల కనిష్ఠానికి దిగిపోయింది. వాల్యూమ్ లేని పెరుగుదలను నమ్మొద్దన్న పాఠం పట్టుకున్నవారు ఆ ఏడాదంతా బయటే నిలబడాల్సి వచ్చింది.

మన దేశంలో ఖర్చు ఇంకో దిక్కుకు లాగింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభాలపై 30 శాతం పన్ను, జులై 1 నుంచి పరిమితి దాటిన లావాదేవీలపై 1 శాతం టీడీఎస్ వచ్చాయి. దేశీయ ఎక్స్ఛేంజీల వాల్యూమ్ రోజుల్లోనే పడిపోయింది. మనవాళ్లు క్రిప్టో మానేశారని కాదు, చాలామంది విదేశీ ఎక్స్ఛేంజీలకు మళ్లారు. 2023 డిసెంబరు 28న కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్‌ఐయూ) అలాంటి తొమ్మిది సంస్థలకు నోటీసులిచ్చింది. రూపాయి చార్టులో ఆ రోజుల గీతలు చూసి ఆసక్తి సన్నగిల్లిందని చెప్పడం, 2016లో యువాన్ చార్టు చూసి ఉత్సాహం పొంగిందని చెప్పినంత తప్పు.

వాల్యూమ్ చూడాలనే ఉంటే, అమెరికాలో 2024 జనవరి 11న మొదలైన స్పాట్ ఈటీఎఫ్‌లవీ, అక్కడి సీఎంఈ ఎక్స్ఛేంజీ ఫ్యూచర్స్‌వీ చూడండి. వాటిపై నియంత్రణ సంస్థల కన్ను ఉంది. చిన్న టోకెన్ విషయంలో, ఓ లక్ష రూపాయల విలువైన టోకెన్లు అమ్మితే ధర ఎంత పడుతుందో ఆర్డర్ బుక్‌లో (అమలు కాకుండా వేచి ఉన్న కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల జాబితాలో) చూడండి. అక్కడా వెనక్కి తీసుకునే దొంగ ఆర్డర్లు ఉంటాయి గానీ, ఆర్డరు పెట్టినవాడికి అది అమలైపోతుందన్న భయం కొంతైనా ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వానికీ ఒక విజ్ఞప్తి. టీడీఎస్ రూపంలో ఆదాయపు పన్ను శాఖ చేతికి దేశీయ క్రిప్టో ట్రేడింగ్‌పై దాదాపు నిజమైన లెక్క చేరుతోంది. ప్రతిసారీ 1 శాతం కోత పెట్టించుకుని దొంగ లావాదేవీలు చేసేవాళ్లు ఎక్కువమంది ఉండరు. ఆ లెక్కను ఎక్స్ఛేంజీల వారీగా నెలనెలా ప్రకటించాలి. పన్ను కడుతున్న మదుపరికి, తాను చూస్తున్న చార్టులోని గీత ఎంత నిజమో తెలుసుకునే హక్కు ఉంది.