ఆడపిల్లకి అనువైన ఉద్యోగమట!

మనవాళ్ళకి కొన్ని మాటలు నోటికొచ్చేసి ఉంటాయి. "అమ్మాయి డిగ్రీ అయిపోయిందిగా వదినా, బి.ఎడ్. చేయించెయ్యండి. ఆడపిల్లకి అనువైన ఉద్యోగం" అన్నది అందులో ఒకటి. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆఖరికి ఆస్పత్రి వరండాల్లో కూడా ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. ఆ అమ్మాయికి పిల్లలంటే ఇష్టమో కాదో, నలభైమంది ఎదుట నిలబడి నోరు విప్పగలదో లేదో ఎవరికీ అక్కర్లేదు. పొద్దున్నే వంట చేసి వెళ్ళొచ్చు, సాయంత్రం కాఫీ వేళకి ఇల్లు చేరొచ్చు, వేసవి సెలవులు తన పిల్లల సెలవులతో కలిసొస్తాయి. ఇవీ అర్హతలు! ఉద్యోగానికి కావు, కోడలికి.

ఈ మాటంటే నాకు చాలాకాలంగా ఒళ్ళుమంట. "అనువైనది" అనే ముద్ర పడ్డాక ఆ చదువుకి విలువ పోయింది, చేసేవాళ్ళకి జీతం పోయింది, మన పిల్లల చదువూ పోతోంది. ఇంతమాట ఎందుకమ్మా అంటారా? చెబుతాను.

వెనకటికి మద్రాసు రాజధాని రోజుల్లో మేష్టార్లు పేరు పక్కన బి.ఏ., ఎల్.టి. అని రాసుకునేవారు. ఎల్.టి. అంటే లైసెన్షియేట్ ఇన్ టీచింగ్. పాఠం చెప్పటానికి లైసెన్సన్నమాట. బండి నడపటానికి కావలసినట్టే పిల్లల బుర్రలతో పనిచెయ్యటానికీ ఒక అనుమతి కావాలని ఆనాడే అనుకున్నారు. ఈనాటి బి.ఎడ్. ఆ వంశంలోదే. ఏడాది చదువుగా ఉన్నదాన్ని 2015 నుంచి రెండేళ్ళు చేసి, అందులో ఇరవై వారాలు బడిలోనే గడపాలన్నారు. ఆ ఇరవై వారాలే ఈ చదువుకి ప్రాణం. అర కంటే పావు పెద్దదని ఒక పిల్లాడంటాడు. రెండు కంటే నాలుగు పెద్దది కదా మరి! వాడు మొద్దు కాదు, వాడి లెక్క వాడికుంది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకుని, చపాతీ తుంచి చూపించో కాగితం మడిచి చూపించో సరిచెయ్యటమే నేర్చుకోవలసిన విద్య. పుస్తకం బట్టీపడితే వచ్చేది కాదది. పిల్లల మధ్య నిలబడాలి, తడబడాలి, వెనక కూర్చున్న లెక్చరరు చేత చీవాట్లు తినాలి.

మరి మనం చేస్తున్నదేమిటి? "వెళ్ళక్కర్లేని కాలేజీ ఏదైనా ఉందా?" అని వాకబు చేస్తాం. దానికి "నాన్ అటెండింగ్" అని దర్జా అయిన పేరొకటి! ఫీజుకి తోడు మరికొంత కడితే హాజరు వాళ్ళే వేసుకుంటారు. రికార్డులు రాసిపెట్టేవాళ్ళు వేరే ఉంటారు. అమ్మాయి అత్తవారింటి నుంచి పరీక్షలకొచ్చి రాసి వెళ్తుంది. అన్ని కాలేజీలూ ఇలాంటివని నేననను. కానీ ఇలాంటివి బతుకుతున్నది మన వాకబులవల్లే. ఆస్పత్రి మొహం చూడకుండా డాక్టరైనవాడి చేత మన పిల్లాడికి సూది వేయిస్తామా? అదే పిల్లాడిని, బడి మొహం చూడకుండా టీచరైన మనిషి చేతుల్లో రోజంతా పెడతాం.

"చిన్నపిల్లలేగా, ఎవరైనా చెప్పచ్చు" అనేవాళ్ళకి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే సమాధానం చెప్పింది. ప్రాథమిక తరగతులకి బి.ఎడ్. చదివినవాళ్ళు పనికిరారు, ఆ పిల్లల కోసం వేరే శిక్షణ ఉంది, అది పొందినవాళ్ళే చెప్పాలి అంది. అ, ఆలు దిద్దించటం తేలికనుకునే పెద్దలు ఆ తీర్పు ఒకసారి చదువుకుంటే బాగుండును.

సరే, కష్టపడి చదివిన పిల్ల సంగతి చూద్దాం. బి.ఎడ్. అయ్యాక టెట్ రాయాలి. నూటయాభైకి తొంభై తెచ్చుకోవాలి, రిజర్వేషన్ వర్గాలకి కొంత తక్కువ. అదయ్యాక డి.ఎస్సీ. కోసం కాచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చినట్టే వచ్చి రద్దయింది. 16,347 పోస్టులతో మెగా డి.ఎస్సీ. 2025లోగాని జరగలేదు. తెలంగాణలోనూ 2017 తర్వాత 2024 దాకా ఎదురుచూపులే. ఈ ఏడేళ్ళలో ఆ పిల్లకి పెళ్ళవుతుంది, ఇద్దరు పిల్లలు పుడతారు. అర్ధరాత్రి ఉయ్యాల ఊపుతూ ఒళ్ళో గైడు పెట్టుకుని చదువుతూనే ఉంటుంది. చుట్టాలు మాత్రం "ఇంకా రాలేదా?" అని అడగటం మానరు.

ఈలోగా ప్రైవేటు బడి. నాకు తెలిసిన ఒకావిడ పదకొండేళ్ళుగా సైన్సు చెబుతోంది. వేసవి నెలల జీతం ఎగ్గొడతారు. పెంచమని అడిగితే యాజమాన్యంవారు నవ్వుతూ "మీవారు సంపాదిస్తున్నారుగా మేడమ్, మీకిది కాలక్షేపం" అన్నారట. చూశారా, మనింట్లో పుట్టిన మాట వాళ్ళ నోట్లో ఎలా పండిందో! 2021లో కరోనాకి బళ్ళు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి రెండువేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. ఇచ్చినందుకు సంతోషమే. కానీ లైసెన్సున్న ఉద్యోగస్తులు బియ్యం కోసం పేరు నమోదు చేయించుకోవలసి రావటం కాలక్షేపం చేసేవాళ్ళ కథలా ఉందా?

అసలు ఈ పని ఆడవాళ్ళకి అనువైనదని ఎవరు కనిపెట్టారో! 1848లో సావిత్రీబాయి ఫూలే పూణేలో ఆడపిల్లలకి చదువు చెప్పటానికి బయల్దేరితే దారిపొడుగునా పేడ విసిరారు. ఆవిడ కూడా శిక్షణ పొందిన పంతులమ్మే సుమా.

"ఆడవాళ్ళకి దక్కిన ఆ ఒక్క ఉద్యోగం మీద కూడా మీరు పడ్డారా?" అని కోప్పడకండి. ఈ జీతంతో నిలబడ్డ సంసారాలు నాకూ తెలుసు. తమ్ముళ్ళని చదివించిన అక్కలు తెలుసు. చెయ్యొద్దనటం లేదు. చేస్తే కాలేజీకి పంపించి చేయించండి. పెళ్ళిచూపులు ఇంటర్న్‌షిప్‌లో పెట్టుకోకండి. ఈసారి మీ చుట్టాల్లో ఎవరమ్మాయైనా బి.ఎడ్. చదువుతోందని తెలిస్తే డి.ఎస్సీ. ఎప్పుడని అడక్కండి. ఏ మెథడాలజీ తీసుకున్నావు, ఏ బళ్ళో పాఠం చెప్పావు, పిల్లలు ఏమన్నారు అని అడగండి. వెళ్ళిన పిల్లయితే గంటసేపు చెబుతుంది. వెళ్ళని పిల్లయితే వాళ్ళమ్మ కాఫీ తెచ్చి మాట మారుస్తుంది.