మరల కూడిన గుమ్మెటలు

జానపదుల బాణీకి అభ్యుదయ భావములను జోడించిన కళాబృందము ఒకసారి చెదరినచో మరల కూడగలదా? ప్రజానాట్యమండలి చరిత్ర చూచిన కూడగలదనియే మా అభిప్రాయము.

1943లో ఆంధ్రదేశమున వెలసిన ఆ మండలి, బిచ్చగాండ్ర విద్యయని చిన్నచూపునకు గురియైన బుఱ్ఱకథను చేపట్టినది. నడుమ తంబురా మీటుచు కథకుడు. ఇరుప్రక్కల గుమ్మెటలతో వంతలు. ఒకరిది రాజకీయము, ఒకరిది హాస్యము. మువ్వురే మనుష్యులు, ఊరెల్ల మేలుకొని వినును! ఆ మండలి కళాకారుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించినది. 1948 ప్రాంతమున నిషేధములు, నిర్బంధములు మండలిని చెల్లాచెదరు చేసినవి. ఐనను అది తరువాతి కాలమున మరల నిలిచినది; నేటికిని ఆ పేర బృందములు పాడుచున్నవి. పాటలు కళాకారుల నోళ్ళయందు మిగిలియుండుటయే అందుకు కారణమని మేము తలంతుము.

మరి మన గుడిబండె పిల్లల నోళ్ళయందేమి మిగిలినది? ఇంట తెలుగు, బజారున కన్నడము, రెండును మంచివే. అమ్మమ్మల కోలాటపు పాటలు మాత్రము నానాటికి సన్నగిల్లుచున్నవి. "పాటలకు పరీక్షలో మార్కులు వత్తురా?" యని కొందఱు తలిదండ్రులందురు. రావు, నిజమే!

కొండమీది కోటను, అమాని భైరసాగరమును చూపి మన పెద్దలు భైరేగౌడుని కథలు చెప్పుచుందురు. ఆ కథను బుఱ్ఱకథగా కట్టి, ఒక వంత తెలుగునను ఒక వంత కన్నడమునను పలికిన నెంత బాగుండును! గుమ్మెట దొరకకున్న డప్పు చాలును. గిటారు వాయించు పూర్వవిద్యార్థి యున్న నతనిని పిలువుడు, మాకభ్యంతరము లేదు. రానున్న వార్షికోత్సవమునకు ప్రతి యింటివారును బిడ్డకొక పాట నేర్పి పంపవలెనని మా విన్నపము.