వరద చూడాలంటే ముందు ఎండల్లో వెళ్లండి



ఏటా వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే సోమవారం నా సోషల్ క్లాసులో ఒకటే సందడి. "సార్, మేం కారులో ధవళేశ్వరం బ్యారేజీకి వెళ్లాం", "మేం పుష్కర ఘాట్ దగ్గర సెల్ఫీలు దిగాం" అంటూ పిల్లలు పోటీపడి చెబుతారు. నిరుడు ఏడో తరగతి బాబు ఒకడు లేచి, "రోడ్డు మీంచి నీళ్లు పారుతున్నాయి సార్. పోలీసులు ఆపినా డాడీ పక్క దారిలో పోనిచ్చేశారు. చక్రాలు మునిగిపోయాయి!" అన్నాడు. క్లాసంతా చప్పట్లు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

వరద చూపించొద్దని నేను అనను. తప్పకుండా చూపించండి. ఇక్కడ చినుకు పడకపోయినా నది ఎందుకు పొంగుతుందో పాఠం కంటే గోదావరి గట్టే బాగా చెబుతుంది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో కురిసిన వానను ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు మోసుకొచ్చి గోదావరిలో కలుపుతాయి.

నా సలహా ఒకటే. ముందు ఈ వేసవి సెలవుల్లో ఒకసారి అదే చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి. బ్యారేజీకి దిగువన ఇప్పుడు ఇసుక తిన్నెలు తేలి, నీళ్లు పాయలుగా కనిపిస్తాయి. అది కళ్లారా చూశాక ఈ లెక్క చేయించండి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంటే మొదటి హెచ్చరిక నాటికే మన డాబాల మీదుండే వెయ్యి లీటర్ల ట్యాంకులు 28 వేలు ఒక్క సెకనులో దాటిపోతున్నట్టు! ఎగువన భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు వస్తేనే మొదటి హెచ్చరిక ఇస్తారు. అలాంటిది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది.

తర్వాత కారును కోనసీమ లంక గ్రామాల వైపు తిప్పండి. ఇప్పుడు పొడిగా ఉన్న కాజ్‌వే మీద కాసేపు ఆగి, వరదలో మునిగేది ఈ దారేనని చూపించండి. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులుంటే పెద్ద బండ్లను కూడా లాక్కుపోగలదు. పైగా నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో స్టీరింగ్ పట్టుకున్న మనకు కనిపించదు. "నీళ్లు రోడ్డెక్కితే మన కారు ఇక్కడి నుంచే వెనక్కి" అని పిల్లల ముందే నిర్ణయం తీసుకోండి.

ఆ ఊళ్లవాళ్లకు వరద అంటే షికారు కాదు. పశువుల్ని గట్టెక్కించి, మునుగుతున్న అరటి తోటల్ని చూస్తూ పడవల్లో బయటికొచ్చే రోజులవి. వేసవిలో ఒక తోట దగ్గర ఆగి, కొబ్బరి బోండం తాగి, ఆ రైతుతో నాలుగు మాటలు మాట్లాడిన పిల్లవాడికి వరద రోజున ఆ ఇంటి ముందు సెల్ఫీ దిగాలని అనిపించదు.

రేపు బైకు చేతికొచ్చే వయసులో మన పిల్లలకు మనం చెప్పిన జాగ్రత్తల కన్నా ఆ రోజు మనం చేసిన పనే గుర్తొస్తుంది. ఈ ఏడాది ఎవరైనా లేచి, "నీళ్లు చూసి డాడీ కారు వెనక్కి తిప్పేశారు సార్" అంటే చాలు. క్లాసంతటి చేత చప్పట్లు కొట్టించే పూచీ నాది.

— సోషల్ టీచర్, రాజమహేంద్రవరం