పుస్తకం మూసి చెప్పు నాయనా



పరీక్షల కాలం వచ్చిందంటే పాస్టరు ఇంటి బల్లమీద హాల్ టికెట్లు పేరుకుంటాయి. కర్నూలు వైపైనా, కడప వైపైనా ఇదే సంగతి. ప్రార్థన చేసి పంపిస్తాము. అయితే ఫలితాలు వచ్చిన తరువాత కొందరు పిల్లలు మా గడప తొక్కరు. అట్లా రానివారిని గురించే ఈ నెల వ్రాస్తున్నాను.

మా సంఘంలో ఒక రైతు కుమారుడున్నాడు. ఇంటర్ వరకు తెలుగు మీడియం, మార్కులు కూడా బాగానే వచ్చేవి. కడపలో డిగ్రీలో చేరినాడు. 2021-22 నుండి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు మొదటి సంవత్సరం మొదలుకొని ఇంగ్లీషు మీడియంలోకి మారింది గదా. మొదటి సెమిస్టరులోనే నాలుగు పేపర్లు పోయినవి. తల్లికి చెప్పినాడు గాని తండ్రికి చెప్పలేదు. వేరుశనగ అమ్మిన డబ్బుతో హాస్టలు ఫీజు కట్టిన తండ్రి ఆయన.

తల్లి వచ్చి, "అయ్యగారూ, వాడు రాత్రి పన్నెండు దాకా పుస్తకం వదలడు. జ్ఞాపకమే నిలవడం లేదు, ప్రార్థన చేయండి" అని కన్నీళ్లు పెట్టుకున్నది.

పిల్లవాణ్ణి పుస్తకంతో రమ్మన్నాను. వృక్షశాస్త్రం గైడు తెచ్చినాడు. ప్రతి పుటలోనూ మూడు రంగుల గీతలు. ఆస్మాసిస్ అంటే ఏమిటన్నాను. గడగడ ఇంగ్లీషులో అప్పజెప్పినాడు. "సరే, పుస్తకం మూసి, మీ అమ్మకు అర్థమయ్యేటట్టు తెలుగులో చెప్పు నాయనా" అన్నాను. నోరు పెగలలేదు. బడిలో తాను చదివిన ద్రవాభిసరణమే ఇది అని వానికి తట్టనే లేదు! ఊరగాయకు మామిడి ముక్కలమీద ఉప్పు చల్లితే నీరు ఎందుకు ఊరుతుందని అడిగేసరికి తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు.

వాడు సోమరి కాడు. కన్ను తిరిగిన చోటల్లా చదువు అబ్బిందనుకున్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? డిప్లొమా చదివే రోజుల్లో గ్రీకు పేపరు తప్పినాను. క్రియారూపాల పట్టిక గోడకు అంటించి రోజూ చూచేవాడిని. పరీక్ష హాలులో ఆ కాగితం రంగు గుర్తుకు వచ్చింది గాని రూపాలు రాలేదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతినే పరీక్షించి ప్రచురించారు. కళాశాల విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చారు. కొన్నిటిని మరల చదివించారు. కొన్నిటిని చదివిన తరువాత పాఠం తీసివేసి, గుర్తున్నది వ్రాయించారు. ఐదు నిమిషాలకు అడిగితే మరల చదివినదే ఎక్కువ గుర్తున్నది. వారం గడిచాక అది 42 శాతానికి దిగింది. చూడకుండా వ్రాసినది 56 శాతం నిలిచింది. మన పిల్లలు పరీక్షకు రెండు రోజుల ముందు గైడు తిప్పి, అంతా వచ్చినట్టే ఉందని మోసపోయేది ఇందుకే.

తల్లిదండ్రులారా, మనవైపు తప్పు లేదా? విత్తనం వేయాలని, పెండ్లి ఉందని పిల్లవాణ్ణి ఇంటికి పిలిపిస్తాము. సోమవారం బస్సు కాస్తా మంగళవారం బస్సు అవుతుంది. 75 శాతం హాజరు సంగతి అటుంచండి, ఆ సోమవారం విననిపాఠం మీద తరువాతి పాఠమంతా నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఆ పిల్లవాడు సెలవులకు వస్తే, తల్లి వేరుశనగకాయలు ఒలుస్తుంటే ఎదుట కూర్చుని పాఠం చెబుతున్నాడు. ఆమెకు శాస్త్రం తెలియదు. అయితే వాడు ఎక్కడ నసుగుతున్నాడో పట్టుకుంటుంది. "ఆ మాట మళ్లీ చెప్పు" అంటుంది. అప్పుడు వాడు పుస్తకం తెరవాలి. ఆ తరువాతనే దానిని ఇంగ్లీషులో వ్రాసి చూచుకుంటున్నాడు.

తండ్రికి చెప్పే పని నన్ను చేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెంట వెళ్లి అరుగుమీద కూర్చున్నాను. వాడే చెప్పినాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నాలుగు పేపర్లకు మళ్లీ ఫీజు ఎంత కట్టాలని అడిగినాడు.